ఐదు వేళ్ల లెక్క ఎవరు చెబుతారు?

పిండంలో కాళ్లు, చేతులు ఏర్పడే తీరు గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్ర: శరీరంలోని కణాలన్నిటిలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుందని చదువుకున్నాం. మరి బొటనవేలు ఒక వైపు, చిటికెన వేలు మరో వైపు ఎలా వస్తాయి? తానెక్కడుందో కణానికి ఎలా తెలుస్తుంది?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, తణుకు

జ: పక్క కణాలు చెబుతాయి. మాటవరసకు అంటున్నది కాదు. ఒక కణం ప్రొటీన్‌ను వదులుతుంది, దాన్ని మరో కణం పైనున్న గ్రాహకం పట్టుకుంటుంది. ఆ కబురు కేంద్రకం దాకా చేరి కొన్ని జన్యువులను తెరుస్తుంది, కొన్నిటిని మూస్తుంది.

కోడి పిండంలో మూడో రోజుకి ఒంటి పక్కల నాలుగు మొగ్గలు లేస్తాయి. పైన పలచటి చర్మపు పొర, లోపల అన్నీ ఒకేలా కనిపించే మెత్తటి కణాలు, అంతే. ఎముకా లేదు, కండా లేదు. మొగ్గ లేవడానికి ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రొటీన్ కావాలి. ఆ జన్యువు తీసేసిన ఎలుక పిల్లలకు కాళ్లూ రావు, ఊపిరితిత్తులూ రావు. మొగ్గ కొసన చర్మపు పొర మందమై సన్నటి గట్టు కడుతుంది. శాస్త్రం దీన్ని ఏపికల్ ఎక్టోడర్మల్ రిడ్జ్ అంటుంది, మనం కొస గట్టు అందాం. 1948లో జాన్ సాండర్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోడి రెక్క మొగ్గ నుంచి ఈ గట్టును సూదితో ఒలిచి చూశాడు. మూడో రోజున ఒలిస్తే రెక్క భుజం ఎముక దగ్గరే ఆగిపోయింది. మరో రోజున్నర ఆగి ఒలిస్తే మణికట్టు దాకా అన్నీ వచ్చి, కొసన వేళ్లు మాత్రం లేకుండా పోయాయి. చేయి భుజం నుంచి వేళ్ల వైపు వరుసగా తయారవుతుందనీ, ఆ పని సాగినంతకాలం గట్టు ఉండి తీరాలనీ దీంతో తేలింది. గట్టు వదిలేవి ఎఫ్‌జీఎఫ్ ప్రొటీన్లే. గట్టు తీసేసి, ఆ చోట ఎఫ్‌జీఎఫ్4లో నానబెట్టిన చిన్న పూసలు పెడితే మొగ్గ మళ్లీ పెరుగుతుందని 1993లో చూపించారు.

సాండర్స్ బృందం 1950లలో చేసిన ఇంకో ప్రయోగం చదివితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. కాలి మొగ్గలో తొడ కావలసిన కణాలను తీసి, రెక్క మొగ్గ కొస గట్టు కింద పెట్టారు. అవి తొడ కాలేదు, రెక్కా కాలేదు. గోళ్లున్న కాలి వేళ్లయ్యాయి. 'నేను కాలిని' అన్నది ఆ కణాలు ముందే నేర్చుకున్న సంగతి. 'నేను కొసన ఉన్నాను' అన్నది గట్టు చెప్పిన సంగతి.

ఇక బొటనవేలు, చిటికెన వేలు. మొగ్గలో చిటికెన వేలు రావలసిన అంచున చిన్న కణాల గుంపు ఉంటుంది. దాని పేరు జోన్ ఆఫ్ పోలరైజింగ్ యాక్టివిటీ, అందరూ జెడ్‌పీఏ అంటారు. 1968లో సాండర్స్, మేరీ గ్యాసెలింగ్ ఆ ముక్కను తీసి ఎదుటి అంచున అతికిస్తే అద్దంలో బింబంలా రెండింతల రెక్క వచ్చింది. మామూలు కోడి రెక్కలో 2, 3, 4 అని లెక్కపెట్టే మూడు వేళ్లుంటే, ఇందులో 4, 3, 2, 2, 3, 4 వచ్చాయి. అతికించే కణాలను తగ్గించి చూస్తే 2వ వేలు ఒక్కటే అదనంగా వచ్చింది. అంటే ఆ గుంపు వదిలే పదార్థం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంటుంది, చిక్కదనాన్ని బట్టి వేలు మారుతుంది. ఆ పదార్థం ఏమిటన్నది పాతికేళ్లు అంతుపట్టలేదు. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ అని 1993లో క్లిఫ్ టాబిన్ ప్రయోగశాల తేల్చింది. ఈగల్లో దొరికిన హెడ్జ్‌హాగ్ జన్యువుకు ఇది చుట్టం. ముందున్న 'సోనిక్' మాత్రం ఒక వీడియో గేమ్ పాత్ర పేరు.

చిక్కదనం ఒక్కటే కథంతా నడపదు. కణాలు ఆ ప్రొటీన్‌లో ఎంతసేపు తడిశాయన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎలుకలో చివరి వేళ్లు స్వయంగా హెడ్జ్‌హాగ్ తయారుచేసిన కణాల సంతానం. బొటనవేలికి దాని అవసరమే లేదు.

పాఠ్యపుస్తకాలు తరచుగా వదిలేసే సంగతి ఒకటుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్ లేని ఎలుకకు పాదం దాదాపు రాదు. గ్లి3 అనే మరో జన్యువు లేకపోతే ఐదుకు మించి వేళ్లు వస్తాయి. రెండూ తీసేస్తే? వేళ్లు రావనుకుంటాం. 2002లో రెండు బృందాలు విడివిడిగా చేసి చూస్తే వేళ్లు బోలెడన్ని వచ్చాయి, కానీ ఏది ఏ వేలో గుర్తుపట్టలేనట్టుగా ఉన్నాయి. కాబట్టి వేళ్లు తయారుచేయడం హెడ్జ్‌హాగ్ పని కాదు. కణం గ్లి3 ప్రొటీన్‌ను కత్తిరించి, జన్యువులను అణచివేసే రూపంలోకి మారుస్తుంటుంది, హెడ్జ్‌హాగ్ వచ్చి ఆ కత్తిరింపును ఆపుతుంది. వేళ్లు ఐదు దగ్గర ఆగడం, ఒక్కో వేలికి ఒక్కో రూపం రావడం ఈ రెంటి తూకం వల్లే. మీరు నోట్సులో ఒక్క వాక్యమే రాసుకోదలిస్తే ఇది రాసుకోండి.

అరచేయి, చేతి వెనుక భాగం వేరుకావడం మూడో దిక్కు. వెనుక వైపు చర్మం వదిలే వింట్7ఏ అనే ప్రొటీన్ ఆ పని చూసుకుంటుంది.

ప్ర: మా బాబు కుడిచేతి చిటికెన వేలి పక్కన పప్పుబద్దంత ఆరో వేలు ఉంది. వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఉండేదట. మా అత్తయ్యగారు అదృష్టం, తీయించొద్దంటున్నారు. పక్కింటావిడ దారంతో కట్టేస్తే రాలిపోతుందంటున్నారు. డాక్టరు గుండె స్కాన్ రాశారు. వేలికీ గుండెకీ ఏమిటి సంబంధం?
— గృహిణి, ఖమ్మం

జ: ముందు దారం సంగతి. కట్టకండమ్మా. వేలి మొదలు దగ్గర కొంత భాగం మిగిలిపోయి బొడిపె అవుతుంది, చీము పట్టవచ్చు, లోపలి నరం కొస ముడిపడి ముట్టుకుంటే నొప్పి పుట్టవచ్చు. ఎముక లేని చిన్న తోలు వేలైతే సర్జన్ తేలిగ్గా తీసేస్తారు. లోపల ఎముక, కీలు ఉంటే ఎక్స్‌రే చూసి, సాధారణంగా ఏడాది వయసు అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. ఉంచుకోవాలనుకున్నా ప్రమాదమేమీ లేదు. అది మీ ఇంటి నిర్ణయం.

తండ్రికీ ఉంది, బిడ్డ మిగతా అన్నిటా చురుగ్గా ఉన్నాడు అంటే చాలామట్టుకు ఇది ఆ కుటుంబంలో దిగివచ్చే మామూలు రకమే. ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ఒక్కో కాన్పులో సగానికి సగం అవకాశం. అయినా డాక్టరు గుండె చూడమనడం సరైనదే, కారణం చెబుతాం.

పైన చెప్పిన హెడ్జ్‌హాగ్ కబురును కణం అందుకునేది దాని మీదున్న సన్నటి వెంట్రుకలాంటి నిర్మాణంలో. దాని పేరు సీలియం. ఈ సీలియం చెడితే గ్లి3 తూకం తప్పి వేళ్లు పెరుగుతాయి. అదే సీలియం గుండె గోడలకూ, కంటి రెటీనాకూ, మూత్రపిండాలకూ కావాలి. ఎల్లిస్-వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్‌లో చిటికెన వేలి పక్కన ఆరో వేలుతోపాటు పొట్టి ఎముకలు, ఎదగని గోళ్లు, సగానికి పైగా పిల్లల్లో గుండె లోపం ఉంటాయి. బార్డే-బీడిల్ సిండ్రోమ్‌లో ఆరో వేలు పుట్టుకతోనే కనిపిస్తుంది. ఒళ్లు రావడం, రేచీకటి, కిడ్నీ సమస్య ఏళ్ల తర్వాత బయటపడతాయి. ఈ రెండూ తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి అందితేనే వస్తాయి, అందుకే మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తాయి. మీది మేనరికమైతే, లేదా బాబు గోళ్లు, పొడవు, బరువు, చూపులో తేడా ఉంటే జన్యు నిపుణులకు చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ ఈ పని చేస్తాయి. అవేవీ లేకుండా గుండె స్కాన్ బాగుంటే నిశ్చింతగా ఉండండి.

ఆరో వేలు బొటనవేలి వైపు ఉంటే కథ వేరు. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకు ఒక స్విచ్ ఉంది, దాన్ని జెడ్‌ఆర్‌ఎస్ అంటారు. అది జన్యువు పక్కన ఉండదు. సుమారు 10 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో, వేరే జన్యువు కడుపులో కూర్చుని ఉంటుంది. దానిలో ఒక్క అక్షరం మారితే చాలు, చిటికెన వేలి వైపే వెలగాల్సిన జన్యువు బొటనవేలి వైపూ వెలుగుతుంది. అమెరికాలోని కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే ఇంటి పిల్లులకు అదనపు వేళ్లున్నది ఇలాంటి మార్పు వల్లే. ఈ రకంలో వేలిని ఊరికే కోసేస్తే సరిపోదు. రెండు బొటనవేళ్లలో ఏది బలంగా ఉందో చూసి, కీలు, స్నాయువు సరిచేస్తూ చేయాలి. పట్టు అంతా బొటనవేలి మీదే కదా.

ప్ర: బాతు కాలి వేళ్ల మధ్య తోలు ఉంటుంది, కోడికి ఉండదు. ఎందుకు?
— 9వ తరగతి విద్యార్థి, కాకినాడ

జ: మొదట్లో రెంటికీ ఉంటుంది. మనకూ ఉంటుంది! కోడిలోనూ మనలోనూ వేళ్ల మధ్య కణాలకు బీఎంపీ అనే ప్రొటీన్ల నుంచి 'ఇక చాలు' అన్న కబురు అంది, అవి పద్ధతిగా చనిపోతాయి. బాతు పాదంలో గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ ఆ కబురును అడ్డుకుంటుంది. కోడి పిండం పాదంలో గ్రెమ్లిన్ పూస పెడితే దానికీ బాతులాగే తోలు మిగిలింది. గబ్బిలం రెక్కలో తోలు మిగలడంలోనూ గ్రెమ్లిన్‌కు పాత్ర ఉంది.

ప్ర: నాకు మూడో నెల. గ్రహణం రోజు కూరగాయలు తరిగితే బిడ్డకు వేళ్లు పోతాయని, మొర్రి వస్తుందని ఇంట్లో భయపెడుతున్నారు. నిజంగా ఏ జాగ్రత్తలు అవసరం?
— ప్రైవేటు ఉద్యోగిని, కర్నూలు

జ: గ్రహణం అంటే నీడ. నీడ వల్ల పిండంలో ఏ కబురూ తప్పిపోదు. గది తలుపులు వేసుకుని ఆకలితో, దాహంతో పడుకోవడమే గర్భిణికి చెరుపు. వేళకు తినండి, నీళ్లు తాగండి.

కాకపోతే పెద్దవాళ్ల భయంలో ఒక నిజం దాగి ఉంది. బిడ్డ రూపాన్ని చెరిపేవి నిజంగానే ఉన్నాయి. వాళ్లు పొరబడింది కారణం దగ్గరే కాదు, కాలం దగ్గర కూడా. ఈ తేదీలు చూడండి. ఫలదీకరణ అయిన సుమారు 26వ రోజున చేతి మొగ్గలు, 28వ రోజున కాలి మొగ్గలు లేస్తాయి. 56వ రోజుకల్లా వేళ్లు విడిపోతాయి. డాక్టరు చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కాబట్టి ఈ రోజులకు రెండు వారాలు కలపాలి. అంటే నెలసరి తప్పి పది రోజులు దాటేసరికే చేతులు మొదలయ్యాయి. పది వారాలు నిండేసరికి ఆకారం పూర్తయింది. కడుపు కనిపించాక కదా గ్రహణం రోజు గదిలో కూర్చోబెడతారు. అప్పటికి చేతులు, కాళ్లు, పెదవి అన్నీ ఏర్పడిపోయాయి. బిడ్డ అవయవాలను చూడటానికి 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ కూడా జరిగిపోయినదాన్ని చూపగలదే గానీ మార్చలేదు. చేయించుకోవడం మాత్రం మానకండి.

ఈ కాలం లెక్క ఎంత కచ్చితమో థాలిడోమైడ్ చేసిన ఘోరం చూపించింది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చింది, వేవిళ్లకూ వాడారు. 1961 నవంబరులో వెనక్కి తీసుకునేలోపు ప్రపంచమంతటా 10,000 మందికి పైగా బిడ్డలు కాళ్లు, చేతులు కురచగానో లేకుండానో పుట్టారు. ఫలదీకరణ తర్వాత దాదాపు 20 నుంచి 36 రోజుల మధ్య మింగినవారికే ఈ నష్టం జరిగింది. ఆ గడువులో ముందు రోజుల్లో మింగితే చెవులు, తర్వాత చేతులు, ఆ పైన కాళ్లు దెబ్బతిన్నాయి. ఎలుకల మీద ఈ మందు అలా పనిచేయదు. ఈ మందు కణంలోని సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుందని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అలా అతుక్కుని, చేతుల పెరుగుదలకు అవసరమైన సాల్4 అనే ప్రొటీన్‌ను కణం తానే నాశనం చేసేలా చేస్తుందని 2018లో తేలింది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు, కుష్ఠులో వచ్చే ఒక తీవ్ర ప్రతిచర్యకు మన దేశంలో ఈ మందు ఇప్పటికీ వాడతారు. ఇంట్లో ఎవరికైనా రాసి ఉంటే ఆ మాత్రలు గర్భిణులకు అందకుండా వేరుగా పెట్టండి.

మీకు పనికొచ్చే జాగ్రత్తలివి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఏకు చుట్టం, గర్భంలో అసలు కూడదు. చేతులకన్నా ముఖం, చెవులు, గుండె, మెదడును ఎక్కువగా చెరుపుతుంది. ఆపిన తర్వాత కనీసం నెల గడిచాకే గర్భం ధరించాలి. సోరియాసిస్‌కు వాడే ఆసిట్రెటిన్ అయితే మూడేళ్లు ఆగాలి. విటమిన్ ఏ మాత్రల్లో రోజుకు 10,000 యూనిట్లు మించకూడదు. క్యారెట్, మునగాకు, తోటకూరలోని కెరోటిన్‌తో ఆ భయం లేదు, తినండి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వెన్నుపాముతో పాటు ముంజేతి ఎముకనూ దెబ్బతీయగలదు, కానీ మీ అంతట మీరు ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ఇంకొకటి, గట్టిగా చెప్పాల్సింది. మందుల షాపులో చీటీ లేకుండా కొని వేసుకునే గర్భస్రావం మాత్రల్లో మిసోప్రోస్టాల్ ఉంటుంది. అది విఫలమై గర్భం కొనసాగితే బిడ్డకు వేళ్లు, చేతుల కొసలు లోపించే ప్రమాదం ఉంది. అలా వేసుకున్నవారు ఎవరైనా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఎవరినీ నిందించే సమయం కాదది.

ప్ర: డిగ్రీ విద్యార్థులకు కోడి పిండంలో రెక్క మొగ్గను, వీలైతే కొస గట్టు ప్రయోగాన్ని చూపించాలని ఉంది. మామూలు ల్యాబ్‌లో సాధ్యమా? పోయినసారి దుకాణం గుడ్లు పెడితే ఒక్కటీ ఎదగలేదు.
— జువాలజీ అధ్యాపకుడు, నరసరావుపేట

జ: దుకాణం గుడ్లు ఎదగవు. లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు. బ్రీడర్ ఫారం నుంచో హేచరీ నుంచో పుంజు కలిసిన గుడ్లు తెచ్చుకోండి, నాటుకోడి గుడ్లయినా సరే. కడగొద్దు. ఫ్రిజ్‌లో వద్దు. 13 నుంచి 15 డిగ్రీల్లో, సన్న కొస కిందికి ఉంచి, వారం లోపు వాడేయండి.

పొదిగే యంత్రంలో 38 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం. గుడ్డును అడ్డంగా పడుకోబెట్టి పై భాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, మూడు రోజులు కదపొద్దు. పిండం పైకి తేలి ఆ గుర్తు కిందికే వస్తుంది. వేడి 40 దాటిందా, బ్యాచ్ మొత్తం పోయినట్టే. యంత్రం మీటరును నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టండి.

72 గంటలకు పెంకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, లావు కొసన చిన్న రంధ్రం చేసి, 18 గేజ్ సూదిని పెంకు వెంబడి నిట్టనిలువుగా కిందికి దించి 3 మిల్లీలీటర్ల తెల్లసొన లాగండి. పిండం పెంకు నుంచి కిందికి దిగడానికే ఇది. ఈ మెట్టు వదిలేస్తే కిటికీ కోసేటప్పుడు కత్తెర రక్తనాళాలను చీల్చేస్తుంది, మొదటిసారి చేసేవాళ్లకు ఎక్కువ గుడ్లు పోయేది ఇక్కడే. సిరంజిలోకి పసుపు రంగు వస్తే పచ్చసొన పగిలింది, ఆ గుడ్డు పక్కన పెట్టేయండి. రంధ్రం టేపుతో మూసి, పై భాగాన టేపు అంటించి, దాని మీదుగా వంకర కత్తెరతో రెండు సెంటీమీటర్ల కిటికీ కోయండి. రక్తనాళాల వలయం మధ్య పిండం, కొట్టుకునే గుండె కనిపిస్తాయి. పిల్లలు ఒక్క క్షణం మాట మరిచిపోతారు. పిండం ఎడమ పక్కకు పడుకుని ఉంటుంది కాబట్టి మీకు కనిపించేవి కుడి మొగ్గలు.

స్పష్టంగా కనిపించాలంటే ఇండియన్ ఇంకును సెలైన్‌లో పదోవంతుకు పలచన చేసి పిండం కింద కొద్దిగా ఎక్కించండి. ప్రతి ఇంకూ పనికిరాదు, కొన్నిటిలో కలిపే షెల్లాక్ పిండాన్ని చంపుతుంది. ముందు ఒక గుడ్డు మీద పరీక్షించండి.

గట్టు ఒలవడానికి సన్నగా పదునుపెట్టిన టంగ్‌స్టన్ సూది, డిసెక్షన్ మైక్రోస్కోప్ కావాలి. కుడి రెక్కకే చేయండి, ఎడమ రెక్కను పోల్చడానికి వదలండి. కిటికీ కోసి, ఏమీ చేయకుండా మూసిన గుడ్లు కూడా కనీసం నాలుగైదు ఉండాలి. అవి లేకపోతే రెక్క కురచ కావడం గట్టు పోవడం వల్లా, కిటికీ కోసినందువల్లా అన్నది చెప్పలేరు. ఎన్నో తరగతి ప్రయోగాలు వృథా అయ్యేది ఈ ఒక్క లోటుతోనే. కిటికీని టేపుతో గాలి చొరకుండా మూయాలి. సందు ఉంటే పిండం ఎండి పెంకు పొరకు అతుక్కుపోతుంది, లేదా బూజు పడుతుంది.

పదో రోజుకు ముగించండి, ఆ పైన ఉంచొద్దు. పిండాన్ని 5 శాతం ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంలో ఒక రాత్రి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, అందులో 0.1 శాతం ఆల్షియన్ గ్రీన్ వేసి మరో రాత్రి ఉంచండి. రంగు లేని అదే ఆమ్ల ఆల్కహాల్‌తో కడిగి, శుద్ధ ఆల్కహాల్‌లో నీరు తీసి, మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తే కండ గాజులా మారి మృదులాస్థి మాత్రం రంగుతో నిలబడుతుంది. నీరు పూర్తిగా పోకుండా వేస్తే మసకబారుతుంది. అప్పుడు మళ్లీ ఆల్కహాల్‌లోకి తీసుకోండి, నమూనా పాడుకాదు.

ప్ర: పాముకు కాళ్లు ఎలా పోయాయి?
— రైతు, వనపర్తి

జ: జెడ్‌ఆర్‌ఎస్ అని పైన చెప్పిన స్విచ్ చెడింది. 2016లో ఎలుకలోని ఆ స్విచ్ తీసి పాముది పెడితే ఎలుక కాళ్లు మొద్దుల్లా ఆగిపోయాయి. పాము స్విచ్‌లో పోయిన 17 అక్షరాలను తిరిగి రాసి పెడితే పూర్తి కాళ్లు వచ్చాయి. కొండచిలువలో స్విచ్ పూర్తిగా ఆరలేదు, పిండంలో కాసేపు వెలిగి ఆరుతుంది. దాని తోక మొదట రెండు పక్కలా కనిపించే చిన్న గోళ్లు ఆ కాళ్ల శేషమే.

ప్ర: కప్ప పిల్లకు తెగిన కాలు మళ్లీ వస్తుందంటారు. మనిషికి ఎందుకు రాదు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జ: మీకు దగ్గర్లోని సంగతితోనే మొదలుపెడదాం. 1992లో భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రియంబద మొహంతి హెజ్మాడి బృందం ఒక జాతి కప్ప తోకపిల్లల తోక కోసి, విటమిన్ ఏ కలిపిన నీటిలో ఉంచింది. తోక తెగిన చోట తోక రాలేదు, కాళ్లు మొలిచాయి! తోక కణాలు తాము వేరే చోట ఉన్నామని పొరబడ్డాయి. చిరునామా చెప్పే రసాయనాల్లో విటమిన్ ఏ సంతతి ఒకటని ఇంత సూటిగా చూపిన ప్రయోగం మరొకటి తట్టదు.

తోకపిల్ల దశలో తెగిన చోట కణాలు మళ్లీ మొగ్గ కడతాయి, దానిపైన కొస గట్టు లాంటి పొర ఏర్పడి ఎఫ్‌జీఎఫ్‌లు వదులుతుంది. కప్పగా మారాక ఆ శక్తి పోతుంది. కప్పకు చుట్టమైన, తోకున్న సాలమాండర్‌కు జీవితాంతం ఉంటుంది. మనలో గాయం తొందరగా మచ్చ కట్టి మూసుకుంటుంది, మొగ్గ కట్టే అవకాశమే రాదు.

ఒక్క చోట తప్ప. చిన్నపిల్లల వేలి కొస, గోరు మొదలు మిగిలి ఉండేలా తెగితే, చర్మం, గుజ్జు, గోరు తిరిగి వస్తాయి. గోరు మొదట ఉండే మూలకణాలు వింట్ ప్రొటీన్లతో కబుర్లు పంపుతుంటాయి, వాటి మీదే ఈ పెరుగుదల నడుస్తుంది. గోరు మొదలు పోతే పెరగదు. అందుకే తలుపు సందున పడి పాప వేలి కొస తెగితే పసుపు, కాఫీపొడి అద్దకండి. శుభ్రమైన నీటితో కడిగి, తడి గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటి గాయాన్ని కుట్టి మూయకుండా తేమ నిలిచే కట్టుతో మాననివ్వవచ్చా అని సర్జన్‌ను అడగండి. తెగిన ముక్క పెద్దదైతే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని మంచు నీటిలో పెట్టి వెంట తీసుకెళ్లండి. ముక్కకు మంచు నేరుగా తగలకూడదు.